పైనుంచి కనబడే మాటలు

మా షెడ్‌లో మాట వినపడదు. ఒక పక్క లేత్‌లు, ఇంకో పక్క గ్రైండింగ్, మధ్యలో సుత్తులు. పక్కనున్న మనిషికి ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టాల్సిందే. అందువల్ల ఇక్కడ స్పానర్ అడగడమైనా, ఒకడి కాపురం సంగతి చెప్పడమైనా దూరం నుంచి చూసేవాళ్ళకి ఒకేలా ఉంటుంది. రెండు తలలు దగ్గరకొస్తాయి, విడిపోతాయి, అంతే.

ఆ తలల్ని మా అందరికంటే ఎక్కువగా చూసిన మనిషి పైనక్క. ఆమె అసలు పేరు జీతాలిచ్చే చోట తప్ప ఎక్కడా వినపడేది కాదు. కప్పు కింద పట్టాల మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచే క్రేన్‌కి ఒక పక్కన గాజు కేబిన్ వేలాడుతుంది. అది ఆమె చోటు. పొద్దున నిచ్చెన ఎక్కితే మళ్ళీ భోజనాల గంటకే దిగేది. పంపుల పోత దిమ్మలు, మోటారు గుల్లలు, పొడుగాటి షాఫ్టులు, ఏది ఎక్కడికి కదలాలన్నా ఆమె చెయ్యి మీట మీద పడాలి.

మొదట్లో ఆమె ఇనుప రజను ఊడ్చే పనికి వచ్చింది. కింద కొక్కానికి తాళ్ళు తగిలించి, పైకి సైగలు చేసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. షెడ్ అంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. వేలాడే బరువు కిందుగా ఆమె ఒక్కసారి కూడా నడవకపోవడం, ఏ మూల ఊడుస్తున్నా ముందు తలెత్తి కొక్కెం ఎక్కడుందో చూసుకోవడం ఆయన గమనించాడు. పైన కూర్చునే మనిషి పని మానేసి పోయినప్పుడు ఈ అమ్మాయిని ఎక్కించమని అడిగాడు. అందరూ నవ్వారు. ఆయన నిండా నీళ్ళున్న బకెట్ కొక్కానికి తగిలించి, షెడ్ చివరిదాకా తీసుకుపొమ్మని ఆమెకి సైగ చేశాడు. నేల తడిస్తే తుడుచుకోవాల్సింది నువ్వేనని ముందే చెప్పాడు. ఆమె చాలాసార్లు తుడుచుకుంది. నేల పొడిగా ఉన్న రోజున చీపురు ఇంకొకరికి ఇచ్చేసింది.

పైన కూర్చున్న కొన్నాళ్ళకే ఆమెకి ఒక సంగతి తెలిసింది. కబుర్లు పైనుంచి కనబడతాయి. వినపడవు, కనబడతాయి. స్టోర్స్ కిటికీ దగ్గర రెండు తలలు కలుస్తాయి. అందులో ఒకటి వెల్డింగ్ తెర వెనక్కి పోతుంది. కాసేపటికి అక్కణ్ణుంచి ఒకటి బయలుదేరి చివరి లేత్ దగ్గరికి చేరుతుంది. ఆ లేత్ మీద పనిచేసే మనిషిని మేము రేడియో అంటాం. ఆయన దగ్గరికి చేరిందంటే ఇక కబురుకి కాళ్ళూ చేతులూ వచ్చినట్టే, నలుదిక్కులకీ పోతుంది. భోజనాల దగ్గర ఎవరైనా గొంతు తగ్గించి, ఫలానావాడు భార్యతో గొడవపడి అన్న ఇంట్లో ఉంటున్నాడట అని మొదలుపెడితే, పైనక్క ముద్ద మింగి, "పొద్దున స్టోర్స్ దగ్గర బయల్దేరింది ఇదేనా" అనేది. చెప్పేవాడికి గొంతులో అడ్డం పడేది.

ఇంట్లో అత్తగారిది దీని మీద ఒకటే హాస్యం. లోకంలో కబుర్లన్నీ కోడలి కళ్ళ ముందే తిరుగుతాయి గానీ ఒక్కటీ ఇంటిదాకా రాదని, ఇంత దరిద్రపు ఉద్యోగం ఎక్కడా చూడలేదని వాపోయేది.

ఒకరోజు పొద్దున షెడ్‌లో తలలు కలిశాయి, విడిపోయాయి. విడిపోయిన ప్రతి తలా ఒకసారి పైకి చూసింది.

మొదట ఆమెకి అర్థం కాలేదు. క్రేన్‌కి ఏదైనా అయిందేమోనని తాడు చూసుకుంది, కొక్కెం చూసుకుంది, గాజు పగిలిందేమోనని చేత్తో తడిమింది. అంతా బాగానే ఉంది. మళ్ళీ కిందకి చూసింది. వెల్డరు ముఖానికున్న కవచం ఎత్తి పైకి చూస్తున్నాడు. ఆమె చూడగానే కవచం దించేశాడు. రేడియో దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు రెండు వేళ్ళతో కళ్ళ మీద కొట్టుకుని, బొటనవేలితో కప్పు వైపు చూపించాడు. రెండోవాడు తల అడ్డంగా ఊపాడు.

అక్కణ్ణుంచి భోజనాల గంట దాకా ఆమె కుర్చీలో కుదురుగా లేదు. దిగి అడుగుదామంటే చేతి నిండా పని. మీట మీద చెయ్యి ఉంది గానీ చూపు తలల మీదే ఉంది. తన మీద నడుస్తున్న మాట తన కళ్ళ ముందే ఒక మూల నుంచి ఇంకో మూలకి పాకుతుంటే, గాజు గదిలో కూర్చుని దాన్ని లెక్కబెట్టడం తప్ప చేసేది లేదు. గంట కొట్టగానే ఎప్పుడూ లేనంత వేగంగా నిచ్చెన దిగింది. బల్ల దగ్గరికి వెళ్ళేసరికి అందరూ ఒక్కసారిగా క్యారియర్ మూతల మీద శ్రద్ధ పెట్టారు. ఆమె కూడా మూత తీసింది గానీ అన్నం తినబుద్ధి కాలేదు.

క్యారియర్ కడిగేలోపే ఫోర్‌మన్ పిలిపించాడు. ఆయన మంచివాడే. ఇబ్బందిగా ఉన్నప్పుడు పెన్ను మూత తీసి పెడుతుంటాడు. ఆ రోజు తీసి పెడుతూనే ఉన్నాడు.

"ఈమధ్య బరువులు గాల్లో ఆగిపోతున్నాయమ్మా. ఎందుకు?"

"చూసుకుని దించుతున్నాను సార్."

"చూసుకోవడమే కష్టంగా ఉందని విన్నాను."

"ఎవరన్నారు సార్?"

"ఎవరో ఒకరని కాదులే. గ్రేప్‌వైన్‌లో విన్నాను."

"అదెక్కడుంది సార్? హోటలా?"

ఫోర్‌మన్ నవ్వకుండా ఉండలేకపోయాడు. ద్రాక్షతీగ అని అర్థమనీ, ఇంగ్లీషువాళ్ళు అలా అంటారనీ చెప్పాడు. ఎక్కడ మొదలైందో తెలియకుండా ఒకరి నుంచి ఒకరికి అల్లుకుంటూ వచ్చిన కబురు అన్నమాట. చెప్పినవాడి పేరు బయటపెట్టడం ఇష్టం లేనప్పుడు, తీగ మీద వచ్చింది అనేస్తే సరిపోతుంది. ఇక ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు.

"మర్యాదగా ఉంది సార్ ఆ మాట," అంది పైనక్క. "మేమైతే చెవులు కొరుక్కున్నారు అంటాం."

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. కళ్ళ పరీక్ష అయ్యేదాకా స్టోర్స్‌లో కూర్చోమన్నాడు. రెండో షిఫ్టులో క్రేన్ నడిపే అతన్ని ఈ షిఫ్టుకి మారుస్తామన్నాడు. పరీక్షలో తేడా వస్తే కింద ఏదో ఒక పని చూస్తామని, బెంగ పెట్టుకోవద్దని కూడా అన్నాడు.

బెంగ పెట్టుకోవద్దన్న మాటతోనే ఆమెకి బెంగ పట్టుకుంది. ఎందుకంటే బరువులు గాల్లో ఎందుకు ఆగుతున్నాయో ఆమెకి తెలుసు.

కారణం బాబాయ్ చెయ్యి. కొన్ని నెలలుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. కింద ఉన్నవాళ్ళకి అది తెలియదు. పని లేనప్పుడు ఆయన ఆ చేతిని జేబులో పెట్టుకుంటాడు, లేకపోతే తాడు పట్టుకుని నిలబడతాడు. సైగ చేసేటప్పుడు మాత్రం దాచడానికి వీల్లేదు. అరచెయ్యి నేల వైపు తిప్పి కదలకుండా పట్టుకుంటే ఆపమని అర్థం. అదే అరచేతిని సన్నగా కదిలిస్తే కొంచెం కొంచెంగా దించమని అర్థం. కదలకుండా ఉండాల్సిన చెయ్యి కదులుతుంటే ఆపమంటున్నాడో దించమంటున్నాడో పైన ఎవరికి తెలుస్తుంది? అందుకని ఆమె అనుమానం వచ్చిన ప్రతిసారీ బరువు ఆపేసి, ఆయన మళ్ళీ సైగ చేసేదాకా చూసేది. అది ఆమె తనంతట తాను పెట్టుకున్న అలవాటు. ఎవరికీ చెప్పలేదు, బాబాయ్‌కి కూడా.

ఫోర్‌మన్ గదిలో ఒక్క మాట అనేస్తే ఆమె సీటు ఆమెకి దక్కేది. కానీ ఆ మాట షెడ్‌లో ఎలా పాకుతుందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. స్టోర్స్ దగ్గర చెయ్యి వణుకుతోందట అని బయల్దేరితే, వెల్డింగ్ తెర దాటేసరికి తాగుతాడేమో అవుతుంది, రేడియో దగ్గరికి చేరేసరికి పొద్దున్నే తాగి వస్తాడట అవుతుంది. బాబాయ్ జీవితంలో చుక్క ముట్టినవాడు కాదు. ఉద్యోగం ముగియడానికి కొద్దికాలమే ఉంది. ఈ పేరుతో బయటికి పోతే ఆయన తల ఎత్తుకోలేడు.

కాబట్టి స్టోర్స్‌లో కూర్చుంది. కూర్చుంది అనడం కూడా తప్పే. ఒకచోట నిలవలేకపోయింది. సర్దిన బోల్టులే మళ్ళీ సర్దింది. షెడ్‌లో క్రేన్ కదిలిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఇన్నేళ్ళూ పైనుంచి చూసి ఎంతెంత పెద్ద సంగతులో అనుకున్న కబుర్లు ఇప్పుడు చెవినే పడుతున్నాయి. ఒకడు జుట్టుకి రంగు వేస్తున్నాడట. ఒకడి బావమరిది కొత్త బండి కొన్నాడట. వీటికోసమా ఇంతమంది ఇంత దూరం నడిచేది అని ఆమెకి ఆశ్చర్యం వేసింది.

తీగ అన్నారు కాబట్టి దానికి ఎక్కడో పాదు ఉండాలని ఆమె లెక్క. ముందు రేడియోని పట్టుకుంది.

"నా కళ్ళ సంగతి నీకెవరు చెప్పారు?"

"నేనేం అనలేదక్కా. నేనసలు మాటలు మోసే రకం కాదు."

"సరే, నువ్వు మోయలేదు. నీ దగ్గరికి మోసినవాళ్ళెవరు?"

రేడియో వెల్డరు వైపు చూశాడు. వెల్డరు, తను స్టోర్స్ ఆయన దగ్గర విన్నానన్నాడు. నీ మేలు కోరే విన్నానని కూడా అన్నాడు, వినడంలో ఆమెకి మేలేముందో ఆమెకి అర్థం కాలేదు. స్టోర్స్ ఆయన ఆమె పక్కనే కూర్చుని మధ్యాహ్నం నుంచీ టీ పంచుకుంటున్న మనిషి. ఒకరోజు దిమ్మ గాల్లో ఆగిపోయి అందరూ ఎదురుచూస్తుంటే, ఏమైంది అని తానే అడిగానని, పైన చూపు ఆనట్లేదేమో అని అవతలి మనిషి అన్నాడని చెప్పాడు.

"ఎవరా మనిషి?"

ఆయన టీ గ్లాసులోకి చూస్తూ, "ఇంకెవరమ్మా, కొక్కెం దగ్గర ఉండేది ఒక్కరే కదా," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె వంటగదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటగదిలోకి తిరుగుతూనే ఉంది. ఇల్లు కొలుస్తున్నావా ఏంటే అని అత్తగారు అడిగింది. భర్త బస్సు డ్రైవరు. బూట్లు విప్పుకుంటూ సంగతంతా విన్నాడు. ఆయనకి బాబాయ్ అంటే గౌరవం. అయినా, "సీటు సంగతి పక్కన పెట్టు," అన్నాడు. "బ్రేకు సరిగ్గా పడని బండి స్నేహితుడిదైనా రోడ్డెక్కనివ్వకూడదు. కింద మనుషులుంటారు. ఇప్పుడు పైనున్నవాడికి ఆ చెయ్యి సంగతి తెలుసా?"

తెలియదు. ఆ ఒక్క ప్రశ్న ఆమెని ఇంకా కుదురులేకుండా చేసింది. ఇన్నాళ్ళూ తను ఆయన్ని కాపాడుతున్నాననుకుంది. తను పైన ఉన్నంతకాలమే అది కాపాడటం.

మర్నాడు కళ్ళ పరీక్ష అయింది. డాక్టరు చదవమన్న అక్షరాలన్నీ చదివింది. దూరపు చూపులో ఏ లోపమూ లేదని ఆయన తేల్చాడు. ఫోర్‌మన్ అది విని సంతోషించాడు, వెంటనే మళ్ళీ ఇబ్బందిలో పడ్డాడు. కళ్ళు బాగుంటే బరువులు ఎందుకు ఆగుతున్నాయి? అది చెప్పి రేపు పైకెక్కమన్నాడు. రేపే చెబుతానంది ఆమె.

షెడ్ వెనక గోడకి ఇనుప తాళ్ళు వేలాడదీసి ఉంటాయి. బాబాయ్ అక్కడ ముక్కాలి పీట మీద కూర్చుని ఒక తాడుని ఎడంచేత్తో తడుముతున్నాడు. తెగిన పోగు ఎక్కడుందో ఆయన చూపుతో కాదు, వేళ్ళతో పట్టుకుంటాడు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. అక్కడ గోల తక్కువ, మామూలుగా మాట్లాడుకోవచ్చు.

"కళ్ళు బాగున్నాయన్నారు బాబాయ్."

"బాగుంటాయమ్మా. నీ కళ్ళకేం."

"మరి ఆనట్లేదని ఎందుకన్నావ్?"

ఆయన చెయ్యి తాడు మీద ఆగింది. తాను అనలేదనలేదు. "అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చింది. నోటికొచ్చింది అన్నాను. ఒక్క మాటే. అది ఇంత దూరం పోతుందనుకోలేదు."

"ఎంత దూరం పోయిందో నేను పైనుంచి చూశాను."

ఆయన కుడిచెయ్యి జేబులో ఉంది. ఆమె దానివైపే చూసింది. ఆయన అది చూశాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"వానలప్పటి నుంచి."

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంట్లో చెప్పాను, నిన్న. షెడ్‌లో ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా. నువ్వు చెప్పాలి."

"ఏమని చెప్పను? ముసలాడికి చెయ్యి పడిపోయిందనా?"

"తాడు చూసే చెయ్యి ఎడంచెయ్యి. అది బాగానే ఉంది. ముడి నీ అంత బాగా చూసేవాళ్ళు లేరు. సైగ ఇంకొకరికి ఇచ్చెయ్. అంతే నేననేది."

చెప్పినంత తేలిక కాదని ఆయన అన్నాడు. సైగ చేసేవాడికున్న విలువ తాడు తడిమేవాడికి ఉండదనీ, రెండు రోజులు పోతే ఇంటికి పొమ్మంటారనీ అన్నాడు. తాగుతానంటారని కూడా అన్నాడు. ఆమె దేనికీ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే అవన్నీ తను అనుకున్నవే. లేచేటప్పుడు ఒక్కటి మాత్రం అంది. "నేనైతే ఆగుతాను బాబాయ్. ఇప్పుడు పైనున్న అతను ఆగడు."

మర్నాడు పెద్ద పంపు దిమ్మ ఒకటి లారీ ఎక్కించాలి. పైనక్క స్టోర్స్ కిటికీ దగ్గర నిలబడింది. ఫోర్‌మన్‌కి ఇస్తానన్న జవాబు ఇంకా ఇవ్వలేదు. ఆయన షెడ్ మధ్యలో నిలబడి దిమ్మ వైపు ఒకసారి, ఈమె వైపు ఒకసారి చూస్తున్నాడు. బాబాయ్ తాళ్ళు చుట్టి, కొక్కెం తగిలించి, వెనక్కి జరిగాడు. దిమ్మ లేచింది. లారీ పైకి వచ్చింది. దిమ్మ కూర్చోవాల్సిన చెక్కదుంగల్ని సర్దడానికి వెల్డరు లారీ మీదకి ఎక్కి ఉన్నాడు, రెండు చేతులూ దుంగ కింద ఉన్నాయి.

బాబాయ్ అరచెయ్యి చాచాడు. ఆపమని.

ఆ చెయ్యి కదులుతోంది. కింద నుంచి చూస్తే కూడా తెలుస్తోంది. పైన ఉన్నతను కొంచెం దించాడు.

కిటికీ దగ్గర నుంచి ఆమె అరిచింది. ఎవరికీ వినపడలేదు. బాబాయ్ ఎడంచెయ్యి కూడా ఎత్తి రెండు చేతులూ తల మీద అడ్డంగా ఊపాడు. ఆ సైగకి ఇంకో అర్థం లేదు. దిమ్మ ఆగింది. వెల్డరు చేతులు తీసుకుని, ఏం జరిగిందో తెలియక చుట్టూ చూశాడు.

అప్పుడు బాబాయ్ ఎడంచెయ్యి దించేశాడు. కుడిచెయ్యి దించలేదు. వేళ్ళు విడదీసి, దాన్ని అలాగే ముందుకు చాచి పట్టుకున్నాడు, దాని ఇష్టానికి దాన్ని వణకనిచ్చాడు. ముందు కేబిన్ వైపు చూపించాడు. తర్వాత నిదానంగా తిరిగి లేత్‌ల వైపు, గ్రైండింగ్ వైపు, చివరికి ఫోర్‌మన్ వైపు చూపించాడు. ఒక్కొక్క యంత్రమే ఆగింది. షెడ్‌లో మాట వినపడేంత నిశ్శబ్దం వచ్చింది గానీ ఆయన ఏమీ మాట్లాడలేదు. లారీ మీదున్న వెల్డరుని దిగమని సైగ చేసి, తన చోట నిలబెట్టి, తను తాడు దగ్గరికి వెళ్ళి ఎడంచెయ్యి దాని మీద వేశాడు.

ఫోర్‌మన్ స్టోర్స్ కిటికీ దాకా నడిచొచ్చాడు. పైనక్కని ఏమీ అడగలేదు. నిచ్చెన వైపు తల ఊపాడు.

ఆమె షెడ్ మధ్యలోంచి నడిచింది. దారిలో ఎవరూ ఎవరి చెవి దగ్గరికీ వంగలేదు. రేడియో లేత్ వదిలి కదల్లేదు. అందరూ ఒకేసారి చూసేశారు. ఎవరు ఎవరికి ఏం చెబుతారు? బాబాయ్ పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఆమె ఆగలేదు, ఆయన తలెత్తలేదు. ఇద్దరికీ కోపం ఉంది. ఆమెది పడ్డ నింద మీద, ఆయనది బహుశా తన చేతి మీద. అది పోవడానికి చాలాకాలం పట్టిందని తర్వాత విన్నాం.

పైనున్నతను ముఖం పాలిపోయి దిగాడు. ఆమె ఎక్కి కుర్చీలో కూర్చుంది. దిమ్మ ఇంకా లారీ మీద వేలాడుతోంది. కింద వెల్డరు కొత్తగా నేర్చుకున్నవాడిలా చెయ్యి బిగదీసి ఎత్తి నిలబడ్డాడు. ఆమె మీట పట్టుకోబోయి, తన చేతులు కూడా నిలకడగా లేవని చూసుకుంది. వాటిని ఒళ్ళో పెట్టుకుంది. అవి కుదురుకునేదాకా షెడ్ అంతా తలలెత్తి ఎదురుచూసింది.